గుండ్రని కిటికీ

ఇప్పలకోన అనే అడవి ఒకటి ఉండేది. అందులో దుప్పులు, ఎలుగుబంట్లు, ఉడతలు, గోరింకలు ఉండేవి. చెట్లెక్కి గుడ్లు దొంగిలించే పునుగుపిల్లులు కూడా ఉండేవి. ఎత్తైన మద్దిచెట్ల మీద కొమ్ముపిట్టలు కాపురం ఉండేవి. అవి గద్దంత పెద్ద పిట్టలు. ముక్కు అరటికాయలా పొడుగ్గా వంపు తిరిగి ఉంటుంది. ఆ ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె ఒకటి ఉంటుంది. అందుకే వాటికి ఆ పేరు.

కొమ్ముపిట్టలకు ఒక వింత ఆచారం ఉంది. గుడ్లు పెట్టే రోజులు రాగానే ఆడపిట్ట చెట్టుతొర్రలోకి వెళ్ళి కూర్చుంటుంది. మగపిట్ట తడిమట్టి తెచ్చి ఇస్తుంది. ఒకరు లోపలి నుంచి, ఒకరు బయటి నుంచి తొర్ర వాకిలిని మూసేస్తారు. ఒక్క సన్నని సందు మాత్రం వదులుతారు. పునుగుపిల్లి భయం అలాంటిది మరి. పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా తల్లి బయటికి రాదు. లోపల పాత ఈకలు రాల్చేసుకుంటుంది కాబట్టి ఎగరాలన్నా ఎగరలేదు. తిండంతా ఆ సందులోంచి మగపిట్ట అందించాల్సిందే.

ఆ ఏడాది వేసవిలో రాయుడు అనే కొమ్ముపిట్ట, అతని భార్య జాజి మొదటిసారి గూడు కట్టుకున్నారు. జాజి లోపల కూర్చుంది. రాయుడు వాగు ఒడ్డు నుంచి జిగురుమట్టి తెచ్చాడు. ముక్కుతో అద్ది, నునుపు చేసి, కుమ్మరి కుండలా గోడ కట్టాడు. గోడ అడుగున, తన ముక్కు పట్టేంత మేర, గుండ్రని కిటికీ ఒకటి వదిలాడు.

గోరింకలు వచ్చి చూసి, "ఇంత అందమైన గోడ ఈ అడవిలో లేదు" అన్నాయి. రాయుడి మెడ ఇంకాస్త పొడుగైంది.

పక్క చెట్టు మీద సింగన్న అనే ముసలి కొమ్ముపిట్ట ఉండేది. అతను కూడా చూడటానికి వచ్చాడు.

"గోడ బాగుంది రాయుడూ. కానీ సందు అలా గుండ్రంగా ఉండకూడదురా. కింది నుంచి పైదాకా నిలువుగా, పొడుగ్గా చీలికలా ఉండాలి."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకో నాకూ తెలీదు. మా అమ్మ అలాగే ఉంచేది. మీ పిన్నికి నేనూ ఏటా అలాగే ఉంచుతున్నాను."

రాయుడు నవ్వాడు. "నీ గోడ చూశాలే బాబాయ్. ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలా ఉంది. అంత పొడుగు సందు వదిలితే పునుగుపిల్లి చెయ్యి పెట్టదూ? నా జాజిని నేను భద్రంగా చూసుకుంటాను."

సింగన్న ఆ గోడను ఇంకోసారి చూశాడు. తన చెట్టుకు తాను వెళ్ళిపోయాడు.

జాజి రెండు గుడ్లు పెట్టింది. రాయుడు పొద్దస్తమానం ఎగిరేవాడు. మేడిపండ్లు, రావిపండ్లు తెచ్చి కిటికీలోంచి అందించేవాడు. అందించేటప్పుడు ఇద్దరి ముక్కుల కొసలూ తగిలేవి. అంతకు మించి ఒకరినొకరు చూసుకునే వీలు లేదు. ఇన్నాళ్ళూ కలిసి తిరిగిన ఆకాశంలో రాయుడు ఒక్కడే తిరుగుతుంటే అతనికి పక్కన ఖాళీగా అనిపించేది. రెక్క చప్పుడు వినబడితే చాలు, తిరిగి చూసేవాడు.

లోపల జాజికి కిటికీలోంచి కింది కొమ్మ ఒక్కటే కనబడేది. ఆకాశం కనబడేది కాదు.

"ఏమయ్యా, ఇవాళ ఆకాశం ఎలా ఉంది?" అని రోజూ అడిగేది.

"తెల్లగా మండిపోతోంది" అనేవాడు రాయుడు. ఒక్కోరోజు ఆమె కోసం, "అటు కొండ మీద చిన్న మబ్బు ఉందిలే" అని అబద్ధం చెప్పేవాడు.

"పిల్లలు పుట్టాక ముందు ఎవరి గొంతు వింటారో" అనేది ఆమె.

"నీదే వింటారు. లోపల ఉన్నది నువ్వు కదా."

"నువ్వు కిటికీ దగ్గర నోరు పెట్టి కూయి. ఇద్దరిదీ ఒకసారే వింటారు."

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నమంతా పడమటి ఎండ చెట్టు మాను మీద పడేది. చెక్క వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది, నెమ్మదిగానే వదులుతుంది. అందుకని పొద్దు గుంకిన తరువాత కూడా తొర్ర లోపల వేడి తగ్గేది కాదు. దానికి తోడు జాజి ఒంటి వేడి. బయట చల్లగాలి తిరుగుతున్నా లోపల ఉడుకుగానే ఉండేది.

ఒకరోజు జాజి రొమ్ము మీది నూగు ఈక ఒకటి ఊడింది. అది కింద పడలేదు. మెల్లగా పైకి లేచింది. తొర్ర కప్పు దగ్గర గిరగిరా తిరిగి, అక్కడే ఆగిపోయింది. జాజి దాన్నే చూస్తూ కూర్చుంది. ఈక తనంతట తాను పైకి పోలేదు కదా. పైకి పోయే గాలి ఏదో దాన్ని మోసుకుపోయింది. వేడెక్కిన గాలి తేలికవుతుంది, పైకి లేస్తుంది. అన్నం కుండ మీద ఆవిరి లేచినట్టే. పైకి లేచిన గాలికి బయటికి పోయే దారి లేదు. అది పోతే కదా కింది నుంచి చల్లని గాలి లోపలికి వచ్చేది.

రాయుడు రాగానే జాజి చెప్పింది. "ఏమయ్యా, ఈ కిటికీని పైదాకా చీల్చు. వేడంతా పైన పేరుకుని ఉంది. దానికి దారి కావాలి."

"నీకు ఆకాశం మీద బెంగ పట్టింది జాజీ. కొన్నాళ్ళు ఓర్చుకో."

"బెంగ ఉంది, కాదనను. కానీ ఇది బెంగ కాదు. నా ఈక చెప్పింది."

"ఈకలు కూడా మాట్లాడుతున్నాయా? నీకు నిద్ర తక్కువైంది. ఇంకో రెండు పండ్లు తెస్తా ఉండు."

రాయుడు పండ్లకు ఎగిరిపోయాడు. జాజి లోపలి నుంచి గోడను ముక్కుతో పొడిచింది. ఎండకు గోడ ఇటుకలా గట్టిపడింది. రేణువంత కూడా రాలలేదు.

మరుసటి మధ్యాహ్నం రాయుడు మేడిపండు తెచ్చి కిటికీలో పెట్టాడు. లోపలి నుంచి ముక్కు రాలేదు.

"జాజీ."

రాయుడు కిటికీకి చెవి ఆనించాడు. లోపల ఎక్కడో సన్నని ఎగశ్వాస వినబడింది. పండు అతని ముక్కులోంచి జారి కింద పడింది. అంత పెద్ద పిట్ట అయిన రాయుడు అడవంతా వినబడేలా, "బాబాయ్, బాబాయ్" అని అరిచాడు.

సింగన్న వచ్చాడు. రాయుడు గోడంతా బద్దలు కొట్టబోతుంటే ఆపాడు. "అంతా పగలగొడితే పునుగుపిల్లికి వాకిలి తీసినట్టే. కిటికీ నుంచి పైకి ఒకే గీతలో పొడువు. నేనూ పొడుస్తాను."

ఇద్దరూ పొడిచారు. రాయుడి ముక్కు కొస పగిలింది. అతను ఆగలేదు. చీలిక తొర్ర కప్పు దాకా చేరింది. కుండ మూత తీసినట్టు వేడిగాలి భగ్గున అతని ముఖానికి తగిలింది. ఆ గాలితో పాటు చిన్న నూగు ఈక ఒకటి బయటికి వచ్చి, అతని తల మీదుగా పైకి ఎగిరిపోయింది.

రాయుడు ఆ ఈకను అలా చూస్తూ ఉండిపోయాడు.

చీలిక పైభాగం నుంచి వేడిగాలి పోతుంటే, అడుగు నుంచి ఆకుల నీడ తగిలిన గాలి లోపలికి పోయింది. సింగన్న వాగు ఒడ్డుకు పోయి రసం నిండిన పండ్లు తెచ్చాడు. సాయంత్రానికి జాజి ముక్కు కొస బయటికి వచ్చింది.

"ఆకాశం కనబడుతోంది" అంది. తరువాత, "మబ్బేమీ లేదే" అంది.

రాయుడు తల వంచుకున్నాడు. "నిన్ను కాపాడాలనుకున్నాను జాజీ."

"తెలుసయ్యా. నేను చెప్పింది వింటే కాపాడినవాడివి అయ్యేవాడివి."

సింగన్న గూట్లో గుడ్లన్నీ పిల్లలయ్యాయి. రాయుడి గూట్లో ఒక్కటే పిల్లయింది. రెండో గుడ్డు ఆ వేడికి తట్టుకోలేదు. రాయుడు చీలిక దగ్గర నోరు పెట్టి కూసినప్పుడు, లోపలి నుంచి ఒక్క గొంతే బదులిచ్చింది. అతను ఇంకాసేపు చెవి ఆనించి ఉన్నాడు.

ఆ తరువాత ప్రతి వేసవిలోనూ రాయుడు నిలువు చీలికే వదిలాడు. అది వంకరగా వచ్చినా పట్టించుకోలేదు. ఎందుకని పిల్లపిట్టలు అడిగితే, చీలిక దగ్గర నూగు ఈకను వదిలి, అది పైకి పోవడం చూపించేవాడు. గూటికి పండ్లు తెచ్చినప్పుడల్లా మాత్రం, కావలసిన వాటికంటే ఒకటి ఎక్కువే తెచ్చేవాడు. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కింది కొమ్మ మీద పెట్టి, పక్కన కాసేపు కూర్చునేవాడు. జాజి చీలికలోంచి చూసేది. అది ఎవరి వంతో ఆమెకు తెలుసు.

నీతి: ఎంత ప్రేమతో కట్టిన గోడకైనా గాలి పోయే దారి, వచ్చే దారి ఉండాలి. ఆ దారి ఎక్కడ ఉండాలో లోపల ఉన్నవారు చెబుతారు. మెచ్చుకునేవారి మాట కంటే ముందు వారి మాట వినాలి.