పీత ఎవరికీ వీపు చూపించదు

ఒకప్పుడు పీత తిన్నగా నడిచేది. కుక్కలాగా, కోడిలాగా, మీలాగా ముందుకు చూసుకుంటూ ముందుకే నడిచేది.

ఆ రోజుల్లో జపాన్ దేశంలో, ఒక చిన్న దీవి మీద, చాలా పాత షింటో గుడి ఉండేది. కొండ మొదట్లో గుడి. గుడిలో కొండదేవర. గుడి ముందు నుంచి రాళ్లు పరిచిన బాట సముద్రం దాకా దిగేది. బాట చివర, నీళ్లలోనే, పెద్ద ఎర్ర ద్వారం. రెండు చెక్క స్తంభాలు, పైన రెండు దూలాలు, తలుపులు లేవు. దాన్ని తొరి అంటారు.

యాత్రికులు పడవల్లో వచ్చేవాళ్లు. తొరి దగ్గర వంగి దండం పెట్టేవాళ్లు. రాతి తొట్టి దగ్గర చేతులు కడుక్కుని నోరు పుక్కిలించేవాళ్లు. బాట మధ్యలో దేవుడు నడుస్తాడని, వాళ్లు అంచునే నడిచేవాళ్లు. గుడి ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగేవాళ్లు.

ఇదంతా చూసి చూసి సముద్రుడికి ఒళ్లు మండింది.

"వాళ్లను మోసుకొచ్చేది నేను. దిగగానే నాకు వీపు చూపించి, దండాలు నీకా?" అన్నాడు.

"పోయేటప్పుడు నాకూ వీపే చూపిస్తున్నారుగా! నేనేమైనా అన్నానా?" అన్నాడు కొండదేవర. అనేశాక ఆయనకూ కోపం వచ్చింది.

"ఇకమీదట నాకు వీపు చూపిస్తే అలతో కొడతాను!"

"నాకు చూపిస్తే రాళ్లు దొర్లిస్తాను!"

ఇంకెవరొస్తారు? పడవలు ఆగిపోయాయి. గుడి ఊడ్చే ఒతమె అవ్వ ఒక్కతే మిగిలింది.

ఆ కొండ మీద, తడి ఆకుల కింద, అకానె అనే ఎర్ర పీత ఉండేది. దాని పొట్ట కింద వేల గుడ్లు. ఆ సాయంత్రం పోటు నీళ్లలో దిగితే అవి పిల్లలవుతాయి. లేకపోతే ఎండిపోతాయి. సముద్రానికి ఉన్నది ఒక్కటే దారి, గుడి బాట.

అకానె బయల్దేరింది. తొట్టి దగ్గర ఆగి చేతులు కడుక్కుంది, నోరు పుక్కిలించింది. మూతి నిండా నురగ. బాట అంచున పది అడుగులు వేసిందో లేదో, దబ్బున ఒక రాయి వచ్చి పక్కన పడింది.

"ఎవరది, నాకు వీపు చూపిస్తున్నది?"

అకానె గిరుక్కున కొండవైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడిచింది. ఈసారి ఒక పెద్ద అల బాట మీదికి లేచి, దాన్ని తీసుకెళ్లి తొట్టి మీద పడేసింది. ఒక కాలు విరిగింది.

ఒతమె అవ్వ చీపురు పారేసి పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, నీ కాలే!"

"ఇంకా ఏడున్నాయిలే అవ్వా. గుడ్లు బాగానే ఉన్నాయి."

"వాళ్లిద్దర్నీ బతిమాలుకోవే. తల వంచి అడిగితే కరక్కపోతారా?"

"తల వంచాలంటే మెడ ఉండాలి. నాకు లేదు."

"మరేం చేస్తావే పిచ్చిదానా? పొద్దు వాలుతోంది."

అకానె కొండను చూసింది. సముద్రాన్ని చూసింది. "వీపు చూపించకూడదు, అంతేగా? చూపించను," అంది.

అది బాట అంచున అడ్డంగా నిలబడింది. ఎడమవైపు సముద్రం, కుడివైపు కొండ. రెండు కళ్లనూ పుల్లల్లా పైకి సాచింది. ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు. అలాగే పక్కకి ఒక అడుగు వేసింది. కాళ్లు చిక్కుపడ్డాయి. విప్పుకుని ఇంకో అడుగు వేసింది.

తొరి మీద కూర్చున్న సముద్రపు కాకి పకపకా నవ్వింది. "ఓయబ్బో, ఏం వంకర నడకే అది!"

"వంకర కాదు, మర్యాద. తొరి మీద రెట్టలు వేసేదానివి, నీకేం తెలుస్తుంది?" అంది అకానె, ఆగకుండానే.

కొండదేవర రాయి ఎత్తి వీపు కోసం వెతికాడు. కనబడలేదు. సముద్రుడు అల ఎత్తి వెతికాడు. కనబడలేదు. ఎత్తిన రాయి ఎత్తినట్టే, లేచిన అల లేచినట్టే ఆగిపోయాయి.

అకానె తొరి కిందికి చేరి నీళ్లలో దిగి ఒళ్లు విదిలించింది. గుడ్లు పగిలాయి. ఆవగింజంత పిల్లలు వేలకు వేలు సముద్రంలోకి జారిపోయాయి. అప్పుడది కత్తెర చేతులు రెండూ పైకెత్తి, కొండకు రెండు చప్పట్లు, సముద్రానికి రెండు చప్పట్లు కొట్టింది.

"చూశావా? నా కొండ మీద పెరిగిన పిల్ల!" అన్నాడు కొండదేవర.

"పిల్లల్ని అప్పజెప్పింది నాకు!" అన్నాడు సముద్రుడు.

దాన్ని మెచ్చుకోవడంలో పోటీపడి, మనుషుల వీపుల సంగతి ఇద్దరూ మర్చేపోయారు. పడవలు మళ్లీ వచ్చాయి.

కొన్నాళ్లకు పిల్ల పీతలు సముద్రంలోంచి బాట ఎక్కాయి. అన్నీ పక్కకే నడుస్తున్నాయి.

"మీకెవరు నేర్పారే?" అని ముక్కున వేలేసుకుంది ఒతమె అవ్వ.

"మా అమ్మ ఇలాగే నడిచింది," అన్నాయవి.

అప్పటినుంచే పీతలు పక్కకి నడుస్తున్నాయి. కళ్లు పుల్లల మీద నిలబెట్టుకుని, పుక్కిలించిన నురగ మూతి దగ్గర అలాగే ఉంచుకుని తిరుగుతున్నాయి. మీరు ఎదురుపడితే కత్తెర చేతులు రెండూ పైకెత్తుతాయి. తల మాత్రం వంచవు.