ఎడమ మూలన మొదటి మేక

అనగనగా, తాటాకు మీద గంటం తప్ప వేరే రాత లేని రోజుల్లో, మంజువాడ అనే రాజ్యం ఉండేది. దాన్ని ధవళసేనుడు ఏలేవాడు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి. అవి ఏ రాజుకైనా ఉంటాయి, వాటి సంగతి మనకెందుకు? ఆయన దగ్గర ఒక ఆటపెట్టె ఉంది. అలాంటిది మాత్రం ఇంకే రాజు దగ్గరా లేదు.

సముద్రం అవతలి వర్తకులు తెచ్చిన పెట్టె అది. మూత మీద పులిజూదం గీతలు, మూడు కొయ్య పులులు, పదిహేను కొయ్య మేకలు. మనిషి ఒక వైపు కూర్చుంటే చాలు, రెండో వైపు బొమ్మలు వాటంతట అవే కదిలేవి! అంతకంటే పెద్ద వింత ఇంకొకటి ఉంది. తనతో ఆడినవాళ్ల ఆటను ఆ పెట్టె నేర్చుకునేది. నేర్చుకున్నది మరిచేది కాదు.

రాజమాత మేఖలాదేవి ఇరవై ఏళ్లపాటు రోజూ మేకల వైపు కూర్చుని దానితో ఆడింది. ఆమె కన్నుమూశాక కూడా పెట్టె ఆమెలాగే ఆడుతోంది. మొదటి మేకను ఎడమ మూలనే పెడుతుంది. ఆలోచన తెగనప్పుడు మేకతో పలక మీద టక్ టక్ మని రెండుసార్లు కొడుతుంది, అచ్చం ఆమెలాగే. రాజు ప్రతి సాయంత్రం దాని ముందు కూర్చునేవాడు. ఆ చప్పుడు వినగానే ఆయన కళ్లు చెమర్చేవి.

రాజుకు ఎనిమిదేళ్ల కూతురు ఉంది, పేరు హేమలేఖ. "నాన్నగారూ, ఎప్పుడూ నానమ్మ ఆటేనా? ఇందులో ఇంకో ఆట కూడా కావాలి" అని పట్టుబట్టింది. వర్తకులేమో తాము తెచ్చిన ఆటలు తప్ప వేరేవి ఎక్కించవద్దని గట్టిగా చెప్పి పోయారు. వాళ్ల ఓడ మళ్లీ వచ్చేది పన్నెండేళ్లకు. అప్పటిదాకా ఏ పిల్ల ఆగుతుంది?

ఏటి అవతల నేతవీధిలో నాంచారి అనే ఆమె ఉండేది. పెట్టెను ఆడించేది లోపలి దారాలేనని విని, తన మగ్గం మీద తానే ఒక ఆట నేసింది. ఏడు హంసలు ఏరు దాటే ఆట. ఆ దారపు కట్టను చంకన పెట్టుకుని కోటకు వచ్చింది.

"ఇంట నేసిన ఆట ప్రభూ! మీరు సరేనంటే పెట్టెలో ఎక్కిస్తాను" అంది.

రాజు సరేనన్నాడు. నాంచారి పెట్టె అడుగు పలక మెల్లగా తీసి, కింద పడుకుని పైకి చూసింది. చూసి ఊపిరి పీల్చడం మరిచిపోయింది.

వేల వేల దారాలు! ఎరుపు, నలుపు, పసుపు. ఒక్కో దారానికి వందల ముళ్లు. ఒక్కో ముడీ ఒక ఎత్తు, ఒక్కో దారమూ ఒక సాయంత్రం. ఇరవై ఏళ్ల సాయంత్రాలు అక్కడ వేలాడుతున్నాయి. ముప్ఫై ఏళ్లుగా దారంతోనే బతికిన మనిషి నాంచారి. అయినా అలాంటి అల్లిక ఆమె ఎన్నడూ చూడలేదు. పడుకునే చేతులు జోడించింది. 'ఇందులో ఒక తల్లి ఉంది' అనుకుంది.

బయటికి వచ్చి, "ప్రభూ, ఏడు రోజులు గడువివ్వండి. ముందు దీనికి మారుకట్టు కట్టాలి" అంది.

నేతవీధిలో అదొక ఆచారం. మగ్గం మీదున్న పాత అల్లికలో చేయి పెట్టేముందు, ముడికి ముడి వేసి, తెల్లదారంతో దానికి జోడు కట్టుకుంటారు. దాన్నే మారుకట్టు అంటారు.

ఆస్థాన యంత్రకారుడు భుజంగయ్య పకపకా నవ్వాడు. "పూటలో అయ్యే పనికి వారమా? నన్నడిగితే పొద్దుగూకేలోపు హంసలు ఈదేవి!"

రాజు కూడా నొసలు ముడిచాడు. "నీ చేతి మీద నీకే నమ్మకం లేదా నాంచారీ?"

ఆమె తల వంచుకుని పనిలో కూర్చుంది.

ఏడు రోజులకు మారుకట్టు పూర్తయింది. నాంచారి దాన్ని ఒక ఖాళీ పలకకు తగిలించి, పులుల వైపు కూర్చుంది. మొదటి మేక కదిలింది. వెళ్లి కుడి మూలన కూర్చుంది.

నాంచారి కట్టును తిప్పి చూసింది. తప్పెక్కడ జరిగిందో వెంటనే తెలిసింది. నేతగాళ్లకు బట్టను వెనకవైపు నుంచి చూడటం అలవాటు. ఆ అలవాటుతోనే ఆమె దారాలను కింది నుంచి చూసినవి చూసినట్టే కట్టేసింది. ఎడమ కుడైంది, కుడి ఎడమైంది.

"తప్పు నాదే ప్రభూ. ఇంకో ఏడు రోజులు ఇవ్వండి" అంది, దాచకుండా.

"ఏ మూలైతే ఏముందమ్మా? మేక మేకే కదా!" అన్నాడు భుజంగయ్య.

రాజు మాత్రం ఆ కుడి మూల మేకను వేలితో ఎడమ మూలకు జరిపాడు. "మా అమ్మది ఎడమచేతి వాటం" అన్నాడు. "ఏడు రోజులు తీసుకో."

ఈసారి మేక ఎడమ మూలకే వెళ్లింది. రాజు సంబరపడి, ఇక హంసల ఆట ఎక్కించమన్నాడు.

"ఇంకొక్క రోజు ప్రభూ! ఈ మారుకట్టును ఏరు దాటించి మా వదిన ఇంట్లో పెట్టి వస్తాను."

రాజుకు కోపం వచ్చింది. "నా కోట కంటే మీ వదిన పూరిల్లు గట్టిదా?"

"పెట్టె కిందే అర ఉంది కదా, అందులో పడెయ్" అని భుజంగయ్య ఎగదోశాడు.

"కోటే గట్టిది ప్రభూ. కానీ రెండూ ఒకచోటే ఉంటే రెంటికీ ఒకే ఆపద చాలు" అంది నాంచారి. రాజు విసుగ్గా చేయి ఊపాడు. ఆమె వెళ్లి వచ్చింది.

మర్నాడు సభంతా చూస్తుండగా హంసల దారాలు కట్టడం మొదలుపెట్టింది. మొదటి దారం కట్టింది. రెండో దారం కట్టింది. మూడో దారం బిగించగానే పెట్టె లోపల ఎక్కడో ఒక రాయి జారింది. పరాయి దారం తగిలితే పగిలేలా వర్తకులు అందులో ఒక బుడ్డి దాచారు. అది పగిలింది. అందులోని ద్రావకం బుసబుసమంటూ దారాల మీద పడింది. ఎరుపు పోయింది, నలుపు పోయింది, పసుపు పోయింది. ఇరవై ఏళ్ల సాయంత్రాలు చూస్తుండగానే బూడిదయ్యాయి. ద్రావకం అక్కడితో ఆగక కింది అరలోకి కారి, దాని అడుగు చెక్కనూ తినేసింది.

"అమ్మా!" అన్నాడు రాజు. అంత పెద్ద రాజు, పసివాడిలా ఏడ్చాడు. హేమలేఖ బిక్కచచ్చిపోయి తండ్రి చేయి పట్టుకుంది. భుజంగయ్య ఆ అర వంక చూశాడు.

నాంచారి లేచి నిలబడింది. "అప్పుడు మీరు అడిగారు ప్రభూ, నీ చేతి మీద నీకే నమ్మకం లేదా అని. నా చేయి తప్పదని నమ్ముకుని ఉంటే, ఈ రోజు మీకివ్వడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు."

ఏరు దాటి తెల్లని మారుకట్టు కోటకు వచ్చింది. పెట్టెను కడిగి, ఆరబెట్టి, నాంచారి దాన్ని తగిలించబోయింది. అప్పుడు రాజే ఆమె చేయి పట్టి ఆపాడు.

"ఆగు తల్లీ! ఇప్పుడు ఉన్నది ఇదొక్కటే కదా. ముందు దీనికి ఇంకో జోడు కట్టు. ఎన్నాళ్లయినా సరే."

ఆ జోడు వదిన ఇల్లు చేరాకే తెల్లదారాలు పెట్టెలోకి ఎక్కాయి. రాజు పులుల వైపు కూర్చున్నాడు. సభ అంతా ఊపిరి బిగబట్టింది. మేక కదలలేదు. రాజు ముందుకు వంగాడు. అంతలో పలక మీద టక్ టక్ మని రెండుసార్లు వినిపించింది. మేక మెల్లగా జరిగి ఎడమ మూలన కూర్చుంది.

ఎవరూ చెప్పకుండానే సభ మొత్తం లేచి నిలబడింది. నాంచారి మళ్లీ చేతులు జోడించింది.

బుడ్డి ఎటూ పగిలిపోయింది కాబట్టి హంసలు కూడా హాయిగా పెట్టెకెక్కాయి. పొద్దున హేమలేఖ ఏడు హంసలనూ ఏరు దాటించేది. సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని, ఎన్నడూ గెలవనివ్వని నానమ్మతో ఆడేది.

కాబట్టి పిల్లలూ, పోతే తిరిగి రానిదానిలో చేయి పెట్టేముందు దానికొక జోడు కట్టి, అది సరిగ్గా ఉందో లేదో చూసుకుని, వేరే చోట దాచుకోండి. ఎంత నేర్పున్న చేయైనా ఒకనాటికి తప్పుతుంది.