జవాబు చెప్పలేని మనిషి

"మాట్లాడలేని రోగులను నా పరిశోధనలోంచి తీసేయవచ్చా మేడం?" అని డాక్టర్ ఇలియాస్ అడిగాడు.

అడిగింది ప్రొఫెసర్ రూతు సుగుణను. పల్నాటి పల్లెల నుంచి రోగులు వచ్చే ఆ బోధనాసుపత్రిలో అత్యవసర విభాగానికి ఆమె అధిపతి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రోగి ఒంట్లోనూ, వైద్యం చేస్తున్న డాక్టరు ఒంట్లోనూ ఒత్తిడి ఏం చేస్తుందన్నది ఆమె జీవితకాలపు పరిశోధన. డాక్టర్ల ఛాతీకి పట్టీలు కట్టి గుండె వేగం కొలిచింది. ఒత్తిడి హార్మోను ఎంతుందో తెలుసుకోవడానికి రోగుల లాలాజలం పరీక్షించింది. భయపడ్డ డాక్టరుకు ముందు చెవి పనిచేయడం మానేస్తుందనీ, తర్వాత చదివింది గుర్తుకు రావడం మానేస్తుందనీ ఆమె రాసిన వ్యాసాన్ని పీజీలందరూ చదివి తీరాలి. ఇలియాస్ కూడా చదివాడు. అతని సిద్ధాంత వ్యాసం రోగుల భయం గురించి. క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళను కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులకు మార్కులు వేస్తాడు. జవాబు లేకపోతే మార్కులు లేవు.

"స్పృహ లేనివాళ్ళు, గొంతులో గొట్టం ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు మేడం. అందరూ అలాగే వదిలేస్తారు."

గదిలో కూర్చుని అడిగిన ప్రశ్నకు గదిలో కూర్చుని జవాబు చెప్పే అలవాటు సుగుణకు లేదు. "ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది" అంది.

అతను కప్పు ఎత్తుతుండగానే బయట స్ట్రెచర్ చక్రాల చప్పుడు, వెంట ఒక మగ గొంతు కేకలు వినిపించాయి. ఇలియాస్ కప్పు దించి పరుగెత్తాడు.

వచ్చిన మనిషి పేరు కోటేశ్వరి. మిరపకాయ కోతలకు కూలికి వచ్చిన పిల్ల. ఇరవై దాటి ఉంటాయి. కల్లం దగ్గర వేసిన పాకలో నేల మీద పడుకుంది. తెల్లవారగానే కడుపునొప్పి అంది. ఆ తర్వాత రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. దారిలో అంబులెన్సులోనే మాట పూర్తిగా ఆగిపోయింది. ఒంటి మీద గాయం కనిపించలేదు. కట్లపాము కాటు చాలాసార్లు అలాగే ఉంటుంది.

"పక్కలో పాప కూడా పడుకుందండీ" అంటున్నాడు భర్త. అతని మాట పూర్తి కాకుండానే చేతిలో రక్తపు సీసా పెట్టి ల్యాబుకు తరిమారు.

ఊపిరి ఆగిపోయే స్థితిలో ఉంది. ఇలియాస్ గొంతులో గొట్టం వేశాడు. ఒళ్ళంతా వాలిపోయి ఉండటంతో మత్తు కూడా అక్కర్లేకపోయింది. గొట్టాన్ని మిషనుకు తగిలించాడు, విషానికి విరుగుడు మందు సెలైన్‌లో కలిపి ఎక్కించాడు. రెప్ప ఎత్తి టార్చి వేసి చూశాడు. కంటిపాప కదల్లేదు.

"ఇంక ఈమెకేం తెలీదులెండి సార్" అంది సిస్టర్ ప్రమీల, చెయ్యి మంచానికి కడుతూ.

కట్లపాము విషం కండరాలనే పడగొడుతుందనీ, మనిషి లోపల మెలకువగానే ఉండవచ్చనీ ఇలియాస్‌కు తెలుసు. పరీక్షలో రాశాడు కూడా. అప్పుడు అతనికి అది గుర్తులేదు. మానిటర్ మోత తప్ప ఇంకేమీ చెవికెక్కడం లేదు.

"ఆ పాప సంగతేంటి? ఎవరైనా చూశారా?" అని కోటేశ్వరి తల మీదుగా గట్టిగా అరిచాడు. "పక్కలోనే పడుకుందంటున్నాడు కదా! పాపనూ కరిచి ఉంటే ఈపాటికి అయిపోయి ఉంటుంది!"

ఆ వెంటనే మానిటర్ మోత మారింది. గుండె వేగం అంకె ఎగిరింది, ఇంకా ఎగిరింది, ఎర్రగా మెరవడం మొదలుపెట్టింది.

"మందు వికటించింది. ఆపేయండి సిస్టర్! అడ్రినలిన్ తీయండి!"

"ఎందుకు ఆపుతున్నావు?"

సుగుణ ఎప్పుడు వచ్చిందో అతను చూడలేదు. మంచం తలవైపు నిలబడి ఉంది.

"రియాక్షన్ మేడం. గుండె చూడండి ఎలా కొట్టుకుంటోందో."

"దద్దుర్లు ఉన్నాయా?"

"లేవు."

"ఊపిరిలో పిల్లికూతలు?"

స్టెతస్కోపు పెట్టి విన్నాడు. "లేవు."

"బీపీ పడిపోయిందా?"

"లేదు..." గొంతు తగ్గింది. "పెరిగింది."

"మందు పోనివ్వండి ప్రమీలా. ఆగితే ఈ పిల్ల మనకు దక్కదు." తర్వాత ఇలియాస్ వైపు తిరిగింది. "అంకె ఎగిరినప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"ఏమీ చేయలేదు మేడం. మాట్లాడుతున్నాను, అంతే."

"ఏం మాట్లాడుతున్నావు?"

తను అన్న మాటలు ఒక్కొక్కటిగా ఇలియాస్‌కే వినపడసాగాయి. మంచం మీది మొహంలో ఏ కదలికా లేదు. మూసిన రెప్పలు, గొట్టం చుట్టూ అంటించిన టేపు. అంకె మాత్రం దిగడం లేదు.

"పాపకేం కాలేదని చెప్పేద్దాం మేడం" అన్నాడు తొందరగా. "కాస్త కుదుటపడుతుంది."

"పాపను చూశావా?"

"లేదు. అయినా ఈమెకు వినిపిస్తోందో లేదో కూడా మనకు తెలీదు కదా."

"వినిపించకపోతే అబద్ధంతో పనేముంది? వినిపిస్తుంటే అబద్ధం ఎలా చెబుతావు?"

"పోనీ మత్తు ఇచ్చేస్తాను."

"ఇద్దువుగాని. నువ్వన్న ఆ మాట చెవిలో పెట్టుకుని నిద్రపొమ్మంటావా?"

సుగుణ వంగి, నోరు కోటేశ్వరి చెవి దగ్గర పెట్టింది. "అమ్మా కోటేశ్వరీ, నేను పెద్ద డాక్టర్ని. నిన్ను పాము కరిచింది. కళ్ళు తెరవలేవు, మాట్లాడలేవు, అది విషం వల్ల. విరుగుడు ఎక్కుతోంది. ఊపిరి మిషన్ పీలుస్తోంది, నువ్వు కష్టపడక్కర్లేదు. నీ పాపను మేమింకా చూడలేదు. ఇక్కడున్న డాక్టరు ఇప్పుడే వెళ్ళి చూస్తాడు. ఏది ఉంటే అది వచ్చి చెబుతాడు."

అంకె తగ్గలేదు. ఇంకొంచెం పైకి వెళ్ళింది.

"పెరిగింది మేడం" అన్నాడు ఇలియాస్, తప్పు పట్టుకున్నట్టు.

"పెరగదా మరి? తల్లి." ఆమె తల ఎత్తలేదు. "నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

ఇలియాస్ పరుగెత్తాడు. ల్యాబు ముందు భర్తను పట్టుకున్నాడు. పాప ఎక్కడంటే అతను గేటు వైపు చెయ్యి చూపించాడు. బయట నీడలో, అంబులెన్సుల పక్కన ఒక నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో పాతచీర మూట. మూట కదలడం లేదు. ఇలియాస్ ఆమె ముందు వంగి చేతులు చాపాడు.

"పాపను ఇటివ్వమ్మా."

"ఇప్పుడే కునుకు పట్టింది, లేపమాకయ్యా!" అంది ఆమె. కోటేశ్వరి అత్తగారు. "లోపల ఆళ్ళమ్మ సంగతి చూడకుండా దీన్ని చూత్తానంటావేంది? దీనికేమయిందని?"

"రాత్రి ఎక్కడ పడుకుంది?"

"ఉయ్యాల్లో. తెల్లారుజామున ఏడిత్తే ఆళ్ళమ్మే తీసి పక్కలో ఏసుకుంది."

ఆ మాటతో భయం తీరలేదు. ఇలియాస్ మూట విప్పాడు. మెడ వెనక, చంకల్లో, కాలివేళ్ళ మధ్య చూశాడు. బిడ్డ కదల్లేదు. అరికాలు గట్టిగా గిల్లాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ బిడ్డ ఒళ్ళంతా బిగించి, మొహం కందగడ్డలా చేసుకుని గుక్కపట్టి ఏడ్చింది. రెండు కళ్ళూ విప్పార్చి చూసింది. అతని వేలు దొరకబుచ్చుకుని నోట్లో పెట్టుకుని లాగింది.

"అంతేనా నీ డాక్టరీ? నిద్దరపోయే పిల్లను గిల్లి ఏడిపించటం?" అంది అత్తగారు.

ఇలియాస్ ఆమె చేతిలోంచి బిడ్డను తీసుకుని పిల్లల వార్డుకు మోసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు చూశాడు. ఇప్పటికి ఏ లక్షణమూ లేదు, విషం ఆలస్యంగా పైకి రావచ్చు కాబట్టి సాయంత్రం దాకా తన కళ్ళ ముందే ఉంచుకుంటానన్నాడు. బిడ్డను అక్కడ అప్పగించి ఇలియాస్ వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు. పూర్తిగా బాగుందనే మాట అతని దగ్గర లేదు. ఉన్న మాట చాలుతుందా అని దారంతా అనుకున్నాడు.

సుగుణ అక్కడినుంచి కదల్లేదు. ఒక చెయ్యి కోటేశ్వరి నుదుటి మీద, రెండో చేతిలో మత్తుమందు సిరంజి. మానిటర్ మీద అంకె ఇంకా ఎర్రగానే ఉంది.

"మేడం" అన్నాడు రొప్పుతూ. "పాప ఏడుస్తోంది, కళ్ళు బాగా తెరుస్తోంది, నోట్లో వేలు పెడితే లాగుతోంది. ఇప్పటికైతే ఏమీ లేదు. సాయంత్రం దాకా పిల్లల వార్డులో ఉంచి చూస్తామన్నారు మేడం."

సుగుణ మంచం తలవైపు నుంచి ఒక అడుగు పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

"నాకెందుకు చెబుతున్నావు?"