పడటం చూసినవాడు

రోజూలాగే సూర్యోదయానికి సరిగ్గా రెండు గడియల ముందు నల్లప్ప పార పట్టి కుస్తీ గోదా మట్టి తిరగేస్తున్నాడు. దిగి పట్టేవాడు మాత్రం ఎవడూ లేడు. తాను ఎనిమిదేళ్లు కుస్తీ నేర్పిన ఓబులేసును ఆస్థాన మల్లుడు వీరకేసరి కోటకు తీసుకుపోయాడు. "వీడు నా శిష్యుడు. ఆ ముసలాడి గోదా నా గుర్రాలకు ఇప్పించండి" అని రాజును అడిగాడు కూడా.

ఆ ఉదయమే నల్లప్పకు కొలువు నుంచి పిలుపొచ్చింది.

"ఓబులేసుకు గురువెవరు?" అన్నాడు రాజు.

"ఈ వీరకేసరి అయ్యగారినే ఒక్క మాట అడగండి ప్రభూ. వాడు పడబోయే ముందు ఏం చేస్తాడు?" అన్నాడు నల్లప్ప.

వీరకేసరి మీసం దువ్వాడు. "నా శిష్యుడు పడటమా? నేనెన్నడూ చూడలేదోయ్!"

"నేను వెయ్యిసార్లు చూశాను ప్రభూ. ఎడమ మడమ లేపుతాడు. అన్నిసార్లు పడితేనే వాడికి పట్టు చిక్కింది. వాడు పడటమే చూడని ఈ అయ్య, వాడు నేర్చుకోవడం ఎప్పుడు చూశాడు?"

రాజు వీరకేసరి వెనక నిలబడ్డ ఓబులేసు వైపు చూశాడు. వాడు తల దించుకుని, ఎడమ మడమను నేలకు గట్టిగా అదుముకున్నాడు.

గోదా నల్లప్పకే దక్కింది. ఓబులేసును మాత్రం రాజు కోటలోనే ఉంచుకున్నాడు. నల్లప్ప ఒక్కడే తిరిగొచ్చాడు.

పదిరోజుల తర్వాత అతనికి ఒక సంగతి తెలిసింది. కోట గోదా తవ్వడానికి నౌకర్లు ఉన్నా, రోజూ సూర్యోదయానికి రెండు గడియల ముందే ఓబులేసు పార పట్టి మట్టి తిరగేస్తున్నాడట.