తలారి సుంకన్న చూసిన జాడ

అనగా అనగా, మీ తాతల తాతలకు ఇంకా పేర్లు కూడా పెట్టని రోజుల్లో, ఎర్రనేలల దేశంలో సుంకన్న అని ఒక తలారి ఉండేవాడు. ఊరికి కాపలా కాయడం, దొంగను పట్టడం, రాజు వేసిన శిక్ష అమలు చేయడం, మూడూ ఆయన పనే. చేతిలో కర్ర, భుజాన గొంగళి, నెత్తిన ఒక గంప. గంప ఎందుకంటారా? దొంగ అడుగు కనిపిస్తే, గాలికీ కోళ్లకూ చెరిగిపోకుండా దాని మీద బోర్లించడానికి.

జాడ పట్టడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఒక దొంగ వెనక్కి వెనక్కి నడిచాడు. సుంకన్న మడమ లోతు చూసి పట్టేశాడు. ఇంకో దొంగ కాళ్లకు ఎద్దు గిట్టలు కట్టుకుని నడిచాడు. "రెండు కాళ్ల ఎద్దు యా ఊర్లో ఉందిరా?" అని నవ్వి పట్టేశాడు. మూడో దొంగ తమ్ముడి భుజాలెక్కి వచ్చాడు. "అడుగు ఒకనిది, బరువు ఇద్దరిది" అని ఇద్దర్నీ పట్టేశాడు. పట్టిన ప్రతిసారీ ఒకటే మాట. "మనిషి అబద్ధమాడతాడు. జాడ ఆడదు."

అట్లా ఉండగా, ఒకరోజు రాణిగారి వెండి వడ్డాణం పోయింది. ఏటి గట్టు మీద బురదలో ఒకే ఒక్క అడుగు కనబడింది. ఎడమ కాలు. చిటికెన వేలు లేదు. సుంకన్న గంప బోర్లించాడు. దేశమంతటా చిటికెన వేలు లేని ఎడమ కాలు ఒక్కరికే ఉంది. కుమ్మరి చౌడప్పకు. చిన్నప్పుడు బండి చక్రం కింద పడి పోయింది ఆ వేలు.

చౌడప్పను పట్టుకొచ్చి, గంప తీసి, పుల్లతో అడుగును కొలిచారు. అదే పుల్లతో కాలును కొలిచారు. సరిపోయింది.

"నేను కాదు సామీ" అన్నాడు చౌడప్ప. మూడుసార్లు అన్నాడు. వడ్డాణం ఎక్కడుందని ఇల్లు తవ్వారు, కుండలు కాల్చే ఆవం తవ్వారు, దొరకలేదు. దొరకలేదేమిటని ఎవరూ ఆగలేదు. నిప్పు లేందే పొగ వస్తుందా అన్నారు. జాడ అబద్ధమాడదు అన్నాడు సుంకన్న.

దొంగతనానికి శిక్ష కుడి చెయ్యి. నరికేది తలారి. నరికాడు.

సారె తిప్పి, మట్టికి ప్రాణం పోసే చెయ్యి! చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజు మాత్రం జనం ఈలలు వేశారు. రాజు సంతోషించి సుంకన్నను తన సభలోకి తీసుకున్నాడు. దేశానికి చట్టాలు చేసే సభ అది. పన్నెండుమంది పెద్దలు కూర్చునేవారు. గొంగళి కప్పుకున్న తలారి పట్టు తలపాగా చుట్టుకుని పదమూడోవాడయ్యాడు. అంతకు ముందు అలాంటి వింత ఎవరూ చూడలేదు.

ఆరేళ్లు గడిచాయి. ఒక వానాకాలం సుంకన్న తిరునాళ్లకు వెళ్లాడు. బురదలో ఒక అడుగు చూశాడు. ఎడమ కాలు. చిటికెన వేలు లేదు.

"చౌడప్ప ఇంత దూరం వచ్చినాడే" అనుకుని జాడ వెంట నడిచాడు. జాడ మిఠాయి అంగడి దాటింది. గాజుల అంగడి దాటింది. ఉప్పు మోసే ఎడ్ల దగ్గర ఆగింది. అక్కడ చౌడప్ప లేడు. పై దేశం నుంచి వచ్చిన ఎడ్లు తోలేవాడు ఎవడో కూర్చుని బొరుగులు తింటున్నాడు. ఎడమ కాలికి నాలుగే వేళ్లు. రెండు చేతులతో తింటున్నాడు.

సుంకన్న పోయి వాడి భుజం పట్టుకున్నాడు. తలారి చెయ్యి పడేసరికి వాడు అడగకుండానే కక్కేశాడు.

"వడ్డాణం కరగబెట్టి అమ్ముకుంటి సామీ. తప్పయిపాయ. నన్ను చంపొద్దు."

అప్పుడు సుంకన్న ఏం చేశాడో తెలుసా? ఊహించండి చూద్దాం. ఊహించలేరు. "పో" అన్నాడు. "మళ్లీ ఈ దేశం దిక్కు రావద్దు" అన్నాడు. దొంగను వదిలేశాడు! నూరుమందిని పట్టినవాడు, సొంత పరువు కోసం అసలు దొంగను చేతులారా వదిలేశాడు. ఇంటికొచ్చి తలపాగా చుట్టుకుని సభకు వెళ్లాడు. ఏడాది పాటు పెదవి విప్పలేదు. అన్నం మాత్రం సగం తిని లేచేవాడు.

ఏడాది తిరిగింది. రాజుగారి గాదెలో విత్తనాలు పోయాయి. కొత్త తలారి ఒక జాడ చూసి, బసమ్మ అనే గొర్రెల కాపరి పిల్లను పట్టుకొచ్చాడు. పదహారేళ్లుంటాయి. చూసినవాళ్లు లేరు, విత్తనాలు దొరకలేదు. అప్పుడు రాజుకు ఒక ఆలోచన వచ్చింది.

"మన సుంకన్న ఉండగా సాక్షులెందుకు? ఇకమీదట తలారి జాడ చూసి చెబితే చాలు, చెయ్యి తీసేయవచ్చు. సుంకన్న గౌరవానికి ఈ చట్టం చేద్దాం. సమ్మతమేనా?"

పన్నెండుమందీ సమ్మతమన్నారు. సుంకన్న తల వంచుకున్నాడు. రాజు రెండోసారి అడిగాడు. పన్నెండుమందీ సమ్మతమన్నారు. సుంకన్న తలుపు వైపు చూశాడు. బయట కట్టేసిన బసమ్మ, కుడి చేత్తో ముఖం మీది ఈగలు తోలుకుంటోంది.

రాజు మూడోసారి అడిగాడు.

"నాకు సమ్మతం కాదు" అన్నాడు సుంకన్న.

"నీ గౌరవానికే కదయ్యా! జాడ అబద్ధమాడదన్నది నువ్వే కదా?"

"జాడ ఆడదు సామీ. చూసిన నేనే తప్పు చూస్తి. చౌడప్ప దొంగ కాదు. అసలు దొంగను నా చేత్తో పట్టి, నా చేత్తోనే వదిలేస్తి. ఏడాదాయ."

చట్టం రాసుకుంటున్న రాయసగాడి చేతిలోంచి ఘంటం జారిపడింది. పెద్దల నోట్లో తమలపాకులు నోట్లోనే ఉండిపోయాయి. రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు, మళ్లీ ఎట్లా కూర్చోవాలో తెలియలేదు.

చౌడప్పను పిలిపించారు. పెళ్లాం ఈరమ్మ వెంట వచ్చింది. సుంకన్న తలపాగా తీసి కింద పెట్టి, చేతులు నరికే కొయ్య మీద కుడి చెయ్యి చాపాడు.

"ఈ చెయ్యి నీది. ఏం చేయమంటావో చెప్పు" అన్నాడు రాజు.

"అడిగేదేముంది సామీ, నరకండి!" అని అరిచింది ఈరమ్మ. "ఏడేళ్లుగా నా మొగుడికి ముద్ద కలిపి పెడుతుండా. వీడేమో పట్టు కట్టుకుని కూర్చునె!"

చౌడప్ప చాలాసేపు ఆ చేతిని చూశాడు.

"నాకు ఆ చెయ్యి కావాల" అన్నాడు.

కత్తి లేచింది.

"తెగింది వద్దు. తెగింది నా దగ్గరే ఒకటుండె, మట్టిలో పూడ్చిపెడితి. నాకు పనిచేసే చెయ్యి కావాల. పొద్దున్నే వచ్చి సారె కాడ కూర్చోమనండి."

ఎత్తిన కత్తిని పక్కన పెట్టారు. ఈరమ్మ మొగుడి ముఖం వైపు నోరు తెరుచుకుని చూసింది.

చట్టం ఆగిపోయింది. బసమ్మ మీద చెప్పిన జాడను మూడు ఊళ్ల తలారులను పిలిచి చూపించారు. ముగ్గురూ మూడు పేర్లు చెప్పారు! ఆ పిల్లను ఆ పూటే వదిలేశారు. ఆమె ఇల్లు చేరేదాకా పరిగెత్తిందట.

సుంకన్న మళ్లీ సభ మెట్లు ఎక్కలేదు. పొద్దు పొడవకముందే కుమ్మరింటికి పోయేవాడు. కుండ లోపల చౌడప్ప ఎడమ చెయ్యి, బయట సుంకన్న కుడి చెయ్యి, మధ్యలో మట్టి. మూడు నెలలు ఒక్క కుండ నిలబడలేదు. ఈరమ్మ మూడేళ్లు మంచినీళ్లు ఇవ్వలేదు. క్షమించానని చౌడప్ప ఒక్కనాడూ అనలేదు. సుంకన్న అడగనూ లేదు. "కొంచెం లోపలికి నొక్కు", "చాలు, చాలు", ఇంతే వాళ్ల మాటలు. అట్లా ఇరవై ఏళ్లు.

సుంకన్న చనిపోయాడు. పిల్లలు లేరు. నిప్పుకుండ ఎవరు పడతారని ఊరు గుసగుసలాడుతుంటే, చౌడప్ప వచ్చి ఎడమ చేత్తో పట్టుకుని ముందు నడిచాడు. ఈరమ్మ ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆమెకే తెలియాలి.

ఆ దేశంలో ఈనాటికీ జాడ దొరికితే మూడు ఊళ్లవాళ్లు వచ్చి చూసేదాకా పేరు చెప్పరు. సుంకన్న పట్టిన నూరుమంది దొంగలూ ఎవరికీ గుర్తులేరు. పట్టుతలపాగా ఏ రంగుదో కూడా ఎవరికీ తెలియదు. కానీ రచ్చబండ దగ్గర ఎవడైనా వేలు చూపించి, "వీడే దొంగ, నా కళ్లారా చూసినా" అని ఎగిరాడనుకోండి, మూల కూర్చున్న ఏ ముసలమ్మో నెమ్మదిగా అంటుంది.

"సుంకన్న కూడా కళ్లారానే చూసినాడు నాయనా."

అంతే. చాపిన వేలు దానంతటదే ముడుచుకుంటుంది.