కంబగిరి పిడికిలి

"అయ్యా, అడగని వాళ్లకు సలహా చెప్పేదెట్ల?" అని కంబగిరి అడిగినప్పుడు మద్దిలేటయ్య తాడు పేనుతున్నాడు. ఆయన నలుగురికి తత్వం చెప్పే గురువే గానీ, ఆయనకు కూడు పెట్టేది తాళ్ల పని. కిత్తలి ఆకుల నార నానబెట్టి, చితగ్గొట్టి, ఎండబెట్టి తాళ్లు పేనేవాడు. శిష్యుడెవరైనా వస్తే కూర్చోమనడానికి ముందు చేతికి ఒక కొస అందించేవాడు. ప్రశ్న వినగానే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. పేనుతున్న తాడు ముగిసేదాకా ఆగాల్సిందే. ముగిసినాక చెప్తాడన్న నమ్మకమూ లేదు.

కంబగిరి కరెంటు స్తంభాలెక్కి ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన లైన్‌మన్. భార్య పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఇంకో గొంతు లేక, పొద్దున లేచి "కాఫీ తాగుతావా?" అని తనే అడిగి, "ఊ" అని తనే అనుకునే కాడికి వచ్చాడు. ఊరి యువజన సంఘం వాళ్లు ఏటా మే నెలలో కొండ కింది హాస్టలు బడిలో పిల్లలకు పది రోజుల వేసవి శిబిరం నడుపుతారు. పెద్ద వయసు వాళ్లు ఒకరిద్దరు సలహాదారులుగా ఊరికే వచ్చి ఉంటే బాగుంటుందని వాళ్లంటే, పిలిచిందే చాలని ఒప్పుకున్నాడు. "సలహాదారు" అని రాసిన బిళ్ల ఒకటి చొక్కాకు తగిలించారు. బతుకులో తాను నేర్చుకున్నదంతా పిల్లల కోసమని ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. ఇది మూడో వేసవి. ఆ పుస్తకం లోంచి ఒక్క ముక్క ఎవరికీ పనికి రాలేదు.

"మొన్న కరెంటు పోయింటే ఒక పిల్లోడు నా కాడికొచ్చినాడయ్యా. హమ్మయ్య, ఏదో అడుగుతాడనుకుంటి. ‘కరెంటు తాతా, నీ బుక్కులో ఫ్యాను తిరిగే సలహా ఏమన్నా ఉందా?’ అన్యాడు. అందరూ నవ్విరి. నేనూ నవ్వితి." అతను చేతిలోని నార కొసను ఇంకో మెలి తిప్పాడు. "శిబిరం రేపటికి అయిపోతాది. బిళ్ల వాళ్లకిచ్చేసి వస్తా, మళ్లొచ్చే ఏడు పోను. ఇంట్లో ఒంటిగా ఉండటం నాకు చాతనైతాది. ముప్పై మంది నడుమ ఒంటిగా ఉండేది చాతకాదు. నువ్వు పొమ్మంటే పోతా, వద్దంటే మానుకుంటా. ఏదో ఒకటి చెప్పు."

మద్దిలేటయ్య తాడు కొసకు ముడి వేశాడు. "ఆడ ఈత నేర్పుతారంట కదా?"

"దిగుడుబావిలో నేర్పుతారు. నేను మెట్టు మీద కూచుంటా."

"కూచోని?"

"కూచుంటా. అంతే."

గురువు ఆ కొత్త తాడును చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. "రేపు నేనూ వస్తాలే" అన్నాడు.

మరునాడు పొద్దున్నే ఇద్దరూ బావి దగ్గరికి పోయారు. నలుచదరపు రాతి బావి అది. ఒక పక్క మాత్రం మెట్లు, మూడు పక్కలా నిలువు గోడలు. ఎండిన కిత్తలి కాడను బెండుగా కోసి వీపుకు కట్టుకుంటే కొత్తవాళ్లు మునగరు. పది రోజుల్లో పిల్లలందరూ బెండు విప్పేసి ఈదుతున్నారు, ఒక్క హుసేనమ్మ తప్ప. పన్నెండేళ్ల ఆ పిల్ల బెండు కట్టుకుని కూడా మోకాటి లోతు మెట్టు దాటలేదు. ఆ సాయంత్రం అమ్మానాన్నలు వస్తారు. వాళ్ల ముందు అందరూ ఎదుటి గోడను తాకి రావాలి. ఈత నేర్చినోళ్ల పేర్లు చదివేటప్పుడు, తాకని వాళ్ల పేరు ఎవరూ చదవరు.

"హుసేనమ్మకు నీళ్లంటే మర్యాదప్పా, కాళ్లు తగిలిచ్చదు" అని ఒకడు అరిస్తే బావి అంతా నవ్వింది. ఈత నేర్పే పీరయ్య ఎదుటి గోడ దగ్గర నీళ్లలో ఉండి పిలిచి పిలిచి విసిగిపోయాడు.

మద్దిలేటయ్య మెట్లు దిగి, కొత్త తాడు ఒక కొసను ఆ పిల్ల నడుముకు కట్టి, రెండో కొసను కంబగిరి చేతికిచ్చాడు. పిల్ల ఆ చేతి వైపు చూసింది.

"వదలవు కదా తాతా?"

"వదల్ను."

ఆ బిళ్ల తగిలించుకున్నాక అతన్ని ఎవరైనా నిజంగా ఏదైనా అడగడం అదే మొదలు. కంబగిరికి ఒళ్లంతా చేతుల్లోకి వచ్చినట్టయింది. పిల్ల నాలుగు బారలు పోయిందో లేదో, వీపున బెండు ఉన్నా మునిగిపోతుందని భయపడి తాడు గుంజాడు. ఆమె వెల్లకిలా తిరిగి, నీళ్లు మింగి, దగ్గుకుంటూ మెట్టు మీదికి వచ్చి పడింది.

"ఎవరు గుంజమన్యారు నిన్ను? బాగా పోతాంటి కదా!"

"మునుగుతాండావేమోనని..."

"మునిగితే నేను చెప్పనా?" అంది హుసేనమ్మ. కళ్లు తుడుచుకుని, అతని మీది కోపంతోనే మళ్లీ దిగింది.

ఈసారి ఆమె రెండు బారలు పోగానే మద్దిలేటయ్య వంగి, కంబగిరి వేళ్లు విప్పదీసి, తాడు కొసను నీళ్లలోకి జారవిడిచాడు. ఖాళీ వేళ్లను మళ్లీ తానే మూసి, ఆ పిడికిలిని తాడు పట్టుకున్న చోటనే నిలబెట్టాడు.

"అయ్యా, వదలనని మాటిస్తినే" అన్నాడు కంబగిరి గొంతు తగ్గించి.

"మాట మీదనే ఉండు. పిడికిలి విప్పొద్దు."

బావి నడుమకు పోయాక పిల్ల కాళ్లు తడబడ్డాయి. తల తిప్పి మెట్ల వైపు చూసింది. అక్కడ కంబగిరి ముందుకు వంగి, గట్టిగా మూసిన పిడికిలి చాచి కూర్చుని ఉన్నాడు. లేచి దూకాలని కాళ్లు లాగుతున్నాయి. నోటి నిండా సలహాలున్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. పిల్ల ముఖం తిప్పుకుని ముందుకు పోయింది. గోడను తాకింది.

ఈదే పిల్లలందరూ ఆమె చుట్టూ మూగారు. పీరయ్య నీళ్లలోనే తాడు విప్పాడు, బెండు కూడా విప్పాడు. అది కూడా గమనించకుండా ఆమె వాళ్లతో పోటీ పడి తిరిగి ఈదుకొచ్చింది. అంతలో టిఫిన్ గంట కొట్టారు. ముప్పై మంది ఒక్కసారి మెట్ల మీదికి ఎగబడ్డారు. కంబగిరి పక్కగా పోతూ హుసేనమ్మ, తడి మెట్టు మీద జారకుండా, అతని తల మీద చెయ్యి ఆనించి ఎక్కిపోయింది, గోడను పట్టుకుని ఎక్కినట్టు. కిందికి చూడలేదు. పైన ఆమె గొంతు అందరి గొంతుల్లో కలిసి దూరమైంది.

బావి ఖాళీ అయింది. నీళ్లు కదలడం ఆగి ఆకాశం కనిపించింది. కంబగిరి కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాడు.

"ఇంక విప్పు" అన్నాడు గురువు.

బిగుసుకున్న వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. అరచేతిలో గోళ్లు దిగిన గుర్తులు తప్ప ఏమీ లేవు.

"ఇంతకూ మళ్లొచ్చే ఏడు నన్ను పొమ్మంటావా, వద్దంటావా అయ్యా?"

మద్దిలేటయ్య నీళ్లలో తేలుతున్న తాడును దగ్గరికి లాక్కుని, పిండి, నింపాదిగా చుట్ట చుట్టాడు.

"చెయ్యి నొస్తాందా?"

"నొస్తాంది."

ఆయన తడి తాడును భుజాన వేసుకుని మెట్లెక్కుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "ఏమీ పట్టుకోని చేతికి నొప్పి యాడిది కంబగిరీ?"