కాలు తీయని డ్రైవరు

అనగా అనగా అనుకుంటూ కొండెక్కితే, మబ్బు నేల మీద నడిచే ఊరొకటి వచ్చేది. ఆ ఊరికంతటికీ ఒకటే జీపు. అది అసిరయ్యది.

ఒకనాడు జీపు ఇంజను పాడైపోయింది. లోయలో పడి డ్రైవరు చనిపోయిన వేరే బండి ఒకటుంటే, దాని ఇంజను తెచ్చాడు అసిరయ్య. ఊరి మెకానిక్కు గవరయ్య దాన్ని జీపులో బిగించాడు. బిగించినంతసేపూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే అసిరయ్య కూతురు కొండమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని నీలమ్మ పొట్ట తడిమి చూసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఇది నా చేత కాదు. మధ్యాహ్నంలోగా కింద ఆసుపత్రికి చేర్చకపోతే ఇద్దరూ దక్కరు."

కొండమ్మను జీపులో పడుకోబెట్టారు. మబ్బు ఎంత చిక్కగా ఉందంటే, చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. లైట్లు వేస్తే ధగధగా వెలిగాయి. అసిరయ్య తాళం తిప్పాడు.

టక్.

అంతే. ఇంజను తిరగలేదు. లైట్లు మాత్రం ప్రాణం పోయేవాడి కళ్లలా మసకబారాయి. తాళం వదలగానే మళ్లీ తెరుచుకున్నాయి. పెడలు దగ్గర సన్నగా పొగ లేచింది. తడిమి చూసిన అసిరయ్య చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. ఎక్సిలేటరు తీగ నిప్పులా కాలుతోంది!

"పాత డ్రైవరు! చచ్చినా వాడింకా పెడలు మీంచి కాలు తీయలేదర్రా!" అని అరిచాడు.

"బ్యాటరీలో పస లేదు మావా, అంతే" అన్నాడు గవరయ్య. పరిగెత్తి, తన దగ్గర చక్రాలు విప్పి రిపేరుకి పెట్టిన ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి, లావు తీగలతో తగిలించాడు. తాళం తిప్పారు.

టక్. మళ్లీ అదే మసక. అదే పొగ.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయతో దిష్టి తీశారు. తాళం తిప్పారు.

టక్. నిమ్మకాయలు నలగకుండా అలాగే ఉన్నాయి.

కొండమ్మ మూలుగు సన్నగిల్లింది. డోలీ కట్టడానికి మగవాళ్లు కర్ర వెతుకుతున్నారు.

"డోలీలో దిగేసరికి సాయంత్రమవుద్ది" అంది నీలమ్మ. ఆమె జీపు వైపు చూడలేదు. గవరయ్య ముఖంలోకి చూసింది. "ఒరేయ్, దెయ్యమైతే ఓసారి ఏడుస్తుంది, ఓసారి నవ్వుతుంది. ఇది మూడుసార్లూ ఒక్కలాగే చేసింది. ఒక్కలాగే జరిగేదానికి కారణం ఉంటుంది. ఇంజను వచ్చినప్పుడు దాని ఒంటి మీద ఉండి, ఇప్పుడు లేనిది ఏటిరా?"

గవరయ్య తల దించుకున్నాడు.

"రాగి తీగలతో అల్లిన జడ ఒకటుండేది అత్తా. చచ్చినవాడికి మొలతాడు తెంపుతాం కదా, అలాగే తెంపేశాను. వెనక్కి చూడకుండా లోయలోకి విసిరేశాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

"అది దేన్ని దేనికి కట్టేది?"

"ఇంజన్ని బండి ఒంటికి..." అంటూనే ఆగిపోయాడు.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంది. దానిలోకి వెళ్లిన కరెంటు ఆ జడ మీదుగానే బ్యాటరీకి తిరిగి రావాలి. పెద్ద దారి తెగిపోయింది. అందుకే సన్నటి ఎక్సిలేటరు తీగను పట్టుకుని పాకుతోంది, తీగను కాలుస్తోంది.

"కాన్పు కాకముందే బొడ్డు కోశావు కదరా!" అంది నీలమ్మ.

గవరయ్య గబగబా తుప్పు గీకి, ట్రాక్టరు బ్యాటరీకి తెచ్చిన లావు తీగ ఒకటి తీసి, ఇంజనునూ జీపు ఒంటినీ కలిపి బిగించాడు. తాళం తిప్పారు. లైట్లు రెప్పపాటు మసకబారి నిలబడ్డాయి. ఇంజను గర్జించింది. జీపు కదిలింది, నాలుగు నిమ్మకాయలూ చిట్లాయి.

తల్లీ బిడ్డా దక్కారు.

మరునాడు గవరయ్య లోయ అంచుకు వెళ్లాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. గాలి లేదు, ఆకు కదలడం లేదు. అయినా కొమ్మకు వేలాడుతున్న రాగి జడ మెల్లగా తిరుగుతోంది, వాడి కోసమే కాచుకున్నట్టు. దాన్ని అందుకుని తెచ్చి, దాని చోట బిగించాడు.

కాబట్టి పిల్లలూ, భయంతో చేసిన తప్పును దాచిపెడితే అదే దెయ్యమై కూర్చుంటుంది. నోరు విప్పి ఒప్పుకున్నప్పుడే బండి కదులుతుంది.